పాత మోటారుల భాగములు – పల్లె కొలుములు

మహాభారతము విన్న ప్రతివారికిని అభిమన్యుని కడపటి ఘడియలు జ్ఞాపకముండును. విల్లు తెగెను, ఖడ్గము విరిగెను, డాలు పగిలెను, గుఱ్ఱములును సారథియు నేలగూలిరి. అప్పుడా బాలవీరుడు రథచక్రమునెత్తి శత్రువులపైకి నడచెను. ఈ ఘట్టమును మనము శౌర్యమునకు నిదర్శనముగా పిల్లలకు చెప్పుచుందుము. చేతిపనివారి కంటితో చూచినచో దీనియందు మరియొక సంగతియు కానవచ్చును. రథము పోయినను రథభాగము పోలేదు. నేలపై దొరలుటకై నిర్మింపబడిన చక్రము ఆ పని తీరినపిదప వేరొక పనికి అక్కఱకు వచ్చెను. ఆ రెండవ పనిని దానికి కల్పించినది దానిని పట్టుకొన్న చేయి.

యజ్ఞశాలయందును ఇట్టిది కలదు. వాజపేయయాగమున పదునేడు ఆకులుగల రథచక్రమును స్తంభముపై నిలిపి, బ్రహ్మయను ఋత్విజుడు దానినెక్కి సామగానము చేయవలెనని విధి. అనగా రథమునుండి వేరైన చక్రము ఆసనమయ్యెను. శ్రీరుద్రమునందు తక్షులకును, రథకారులకును, కర్మారులకును నమస్కారము చెప్పబడియున్నది. తక్షుడనగా వడ్రంగి, కర్మారుడనగా కమ్మరి. రథము చేయువారికిని, అది విరిగినపిదప దాని ఇనుమును మరల కరచుకొని పనికి తెచ్చువారికిని ఒకేచోట వందనము లభించినది.

ఈ కాలపు రథము మోటారు. అది శాలనుండి క్రొత్తగా వెలువడిన దినపు చరిత్ర పలుమారులు వ్రాయబడినది. అది విరిగి, తుప్పుపట్టి, ముక్కలై, ఎవరును ఊహింపని చోట్ల మరల పుట్టిన చరిత్రను వ్రాసినవారు అరుదు. ఆ రెండవ జన్మము అధికభాగము మన సంఘీయుల కొలుములలో జరిగినది. కావున ఈ సంచికయందు దానినిగూర్చి కొంత విన్నవింప సాహసించుచున్నాను.

గంగవరము చిత్తూరు జిల్లా పశ్చిమభాగమున, పలమనేరునకు సమీపముననున్న మండలకేంద్రము. చెన్నపట్టణమునుండి చిత్తూరు మీదుగా బెంగుళూరునకు పోవు పాత రాజమార్గము ఈ సీమగుండ సాగును. మదనపల్లె, పుంగనూరులనుండి కుప్పమునకు పోవు మార్గము పలమనేరుకడ దానిని కలిసికొనును. చిత్తూరు పట్టణము సముద్రమట్టమునకు 300 మీటర్లకు పైబడిన ఎత్తుననుండగా, పలమనేరు 650 మీటర్లకు మించిన ఎత్తుననున్నది. ఈ రెంటి నడుమ మొగిలి కనుమ కలదు. బరువుతోనెక్కు లారీకి అచ్చట ఇంజను పరీక్ష. దిగు లారీకి బ్రేకుల పరీక్ష. ఇట్టి దారియందు కమానులు విరుగును, బ్రేకు డ్రమ్ములు అరుగును, టైర్లు పగులును. విరిగినదానిని మార్చుటకై దారిప్రక్కన మరమ్మతు శాలలు వెలయును. ఆ శాలల వెనుక పాత ఇనుము గుట్టలుగా పేరుకొనును. ఆ గుట్టయే మన కమ్మరికి గనియైనది.

ఈ సీమ పల్లెలలో కన్నులు విప్పి ఒకదినము తిరిగినవారికి పాత మోటారుల అవయవములు ఎన్నిచోట్ల దర్శనమిచ్చునో చెప్పనలవికాదు. వంటయింటి కత్తిపీట అలుగు ఒకనాడు లారీ కమానులోని పట్టీ. మల్బరీ కొమ్మలు నరకు మచ్చుకత్తియు, చెఱకు కొట్టు కత్తియు, వేరుసెనగ చేనిలో కలుపుతీయు తొలికయు ఆ వంశమువే. కాఫీహోటలు వాకిట మండు పొయ్యి చక్రపు రిమ్ము. రేకులయింటిపై గాలికి రేకులెగిరిపోకుండ కూర్చుండినది అరిగిన టైరు. మేస్త్రీలు సున్నము మోయు రబ్బరు తట్టయు, కాపు కాలి చెప్పుల అడుగును ఆ టైరు బిడ్డలే. దిగుడుబావిలో ఈత నేర్చు బాలుని నడుమునకు కట్టిన ట్యూబు, వీధిలో పిల్లలు మూడు చక్రములతో చేసికొన్న బేరింగుబండి, విద్యుత్తు రాని దినములలో సభలయందు మైకు పలికించిన బ్యాటరీ — ఇవియన్నియు మోటారునుండి దిగివచ్చినవే. పల్లెబడులు కొన్నింటిలో గంటకు బదులు వ్రేలాడదీసిన చక్రపు బిళ్లపై సుత్తితో కొట్టుట నా ఉపాధ్యాయవృత్తిలో అనేకసంవత్సరములు వింటిని. ఏ దూరదేశమునకు సరుకుమోసిన బండిదో ఆ బిళ్ల, తుదకు పిల్లలను వేళకు బడికి పిలుచు పనియందు కుదురుకొన్నది. "మా కొలిమిలో పట్టకారు తప్ప వేఱుకారును ఎరుగము" అని వృద్ధులు హాస్యమాడుట కలదు. నిజమునకు పట్టకారు పట్టుకొన్నదంతయు కారుల సొమ్మే.

ఇంత ఇనుము ఈ మారుమూలకు ఎట్లు చేరెను? జర్మనీదేశమున కార్ల్ బెంజ్ తన మోటారుబండికి హక్కుపత్రము కోరినది 1886 జనవరి 29వ తేదీ. చెన్నపట్టణమున సింప్సను కంపెనీవారు 1903లో ఆవిరితో నడచు కారును నిర్మించిరి. ఆరంభమున మోటారు జమీందారులకును, దొరలకును విలాసవస్తువు. దాని భాగము విరిగినచో సముద్రము దాటి రావలసినదే. అట్టి కాలమున విరిగినదానిని పారవేయుటకు ఎవరికిని మనసొప్పలేదు. అతికించి, అరగదీసి, మరల బిగించి నడిపెడువారు. మన పనివారిలో పెక్కురు మోటారు విద్యను ఈ అతుకులపనిలోనే నేర్చిరి.

రెండవ ప్రపంచయుద్ధము ఈ పాఠమును బలపఱచెను. 1942 ఆరంభమున జపానుసేనలు మలయాను, సింగపూరును, డచ్చివారి తూర్పుదీవులను ఆక్రమించుటతో లోకమునకు సహజరబ్బరు లభించు తావులలో అత్యధికభాగము మిత్రరాజ్యములకు దూరమాయెను. టైరు బంగారమాయెను. పెట్రోలునకు కొఱత గలిగినందున బస్సులకు వెనుక బొగ్గుకుంపటులు అమర్చిరి. బొగ్గును చాలినంత గాలి యీయక మండించినచో దహింపదగిన వాయువు పుట్టును. ఆ వాయువే పెట్రోలునకు బదులు ఇంజనునకు ఆహారము. బయలుదేరుటకు ముందు పనివాడు పిడి త్రిప్పి గాలి విసరుచుండగా ప్రయాణికులు వేచియుండెడివారు. పెద్దలు వానిని బొగ్గుబస్సులనిరి. తిత్తి, నిప్పు, బొగ్గు — ఈ మూడును మన కొలిమి సొత్తులు. మోటారుభాగము కొలిమికి రాకపూర్వమే కొలిమి మోటారుపైకెక్కి దానిని నడిపించెనని దీనివలన తెలియుచున్నది.

స్వాతంత్ర్యానంతరము స్వదేశీ వాహనముల సంఖ్య పెరిగెను. హిందుస్థాన్ మోటార్సు 1942లోనే ఏర్పడియుండెను. చెన్నపట్టణమున అశోక్ మోటార్సు 1948లో వెలసి, 1955లో అశోక్ లేలాండు అను పేరు దాల్చెను. జంషెడ్‌పురమున టాటావారు 1954లో జర్మను కంపెనీతో కూడి లారీల నిర్మాణమారంభించిరి. లారీ పెరిగినకొలది విరిగిన కమానును పెరిగెను. విలాసవస్తువుగ వచ్చిన మోటారు సరుకుబండియైనపుడే దాని శేషములు పల్లెకు సమృద్ధిగా అందెను. ఇది గమనింపదగిన విషయము.

ఈ మోటారు మనకు చేసినది మేలా, కీడా? రెండును చేసెను. మొదట కీడు చెప్పెదను.

కొయ్యచక్రమునకు ఇనుపకట్టు తొడుగుట ఊరంతయు చూడవచ్చు వేడుక. వడ్రంగి తుమ్మకొయ్యతో నాభిని, ఆకులను, చుట్టుచెక్కలను కూర్చి చక్రము నిలిపెడువాడు. కమ్మరి చక్రపు చుట్టుకొలతకంటె ఇసుమంత తక్కువగా కట్టును చేసి, పిడకలమంటలో ఎఱ్ఱగా కాచెడువాడు. వేడికి కట్టు వ్యాకోచించును. నలుగురు పట్టకారులతో పట్టి దానిని చక్రమునకు తొడిగిన తక్షణము కడవలకొలది నీరు పోయుదురు. కట్టు సంకోచించి, ప్రతి ఆకును నాభిలోనికిని, ప్రతి చెక్కను దాని ప్రక్కచెక్కలోనికిని బిగియించును. కొలత తగ్గినచో చక్రము పగులును. హెచ్చినచో కట్టు ఊడును. ఆ కొలతను గణితపుస్తకము చూడక, వ్రేలికొలతతో, కంటితో నిర్ణయించిన మహనీయులు మన పల్లెపల్లెనుండిరి. వడ్రంగికిని కమ్మరికిని ఏడాదిగ్రాసము అధికభాగము ఈ చక్రమువలననే లభించెడిది.

టైరుబండి వచ్చెను. పాత మోటారు ఇరుసు, బేరింగులు, గాలిటైర్లు తెచ్చి దానిపై బండిపెట్టెను బిగించిరి. ఎడ్లకు శ్రమ తగ్గెను, బరువు హెచ్చుగ లాగెను, ఇనుపకట్టు రోడ్డును కోయుట మానెను. బెంగుళూరునందలి మేనేజిమెంటు విద్యాసంస్థకు ప్రథమాధ్యక్షులైన ఎన్.ఎస్. రామస్వామిగారు ఎద్దుబాధ తగ్గించి, బండిని సంస్కరింపవలెనని చిరకాలము కృషిచేసిరి; ఎద్దు మెడయందు దయగలవారెవరును ఆ సంస్కరణమును తప్పుపట్టజాలరు. అయినను కట్టు తొడుగు వేడుక పల్లెనుండి పోయెను. వడ్రంగి ఇంట చక్రపు అచ్చులు అటకెక్కెను. మోటారుభాగము ఎడ్లబండిలో కనిపించుట చూచినవారికి వింత; మన ఇండ్లలో అది ఒక వృత్తి అస్తమయము.

ఇక మేలు. అదే మోటారు చక్రమును తీసికొని కమానును ఇచ్చెను. లారీ బరువును ఓర్చుటకై ఒకదానిపైనొకటి పేర్చి కట్టిన వంపుపట్టీలను కమానుకట్ట యందురు. ప్రతి గోతియందును వంగి, మరల యథాస్థితికి రావలయును గనుక దానికి మామూలు ఇనుము చాలదు. మామూలు మెత్తని ఇనుమున కర్బనము నూటికి పావుపాలుకంటె తక్కువ. దానిని ఎంత కాచి ముంచినను కఠినము కాదు. కమాను ఉక్కునందు కర్బనము నూటికి సుమారు అరపాలునుండి 0.6 పాలు, దానికితోడు సిలికను, మాంగనీసు, లేక క్రోమియము కలిసియుండును. అట్టి ఉక్కు కాచి ముంచినచో గట్టిపడును, మరల మెల్లగా వేడిచేసినచో పెళుసుదనము వీడి పదును నిలుపుకొనును. కొడవలికి కావలసిన గుణము సరిగా అదియే. విదేశపు మెత్తని ఇనుపకడ్డీలు చవుకగా వచ్చినది మొదలు మంచి ఉక్కు దొరకక చిక్కుపడుచుండిన పల్లెకమ్మరికి విరిగిన కమాను వరప్రసాదమైనది.

మన దేశమునకు ఉక్కు క్రొత్తదికాదని ఇచ్చట స్మరింపదగును. 1800వ సంవత్సరమున మైసూరుదేశమున సంచరించిన బుచానను దొర ఇనుము కరగించువారి పనిని, వారి కూలిలెక్కలను సయితము వ్రాసికొనెను. తెలంగాణమున నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమునందు ఉక్కు చేయు విధానమును వాయిసీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వర్ణింపగా, అది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు అచ్చయ్యెను. ఆ ఉక్కుకొఱకు పారసీకవర్తకులు అంతదూరమునుండి వచ్చెడివారు. ఐరోపావారు వూట్జు అని వ్రాసిన మాట దక్షిణదేశపు ఉక్కు శబ్దమునకు రూపాంతరమని పలువురు పండితుల మతము. ఆ మూసలు ఆరిపోయినవి. కాని ఉక్కుయొక్క మనస్సునెరుగు విద్య కొలిమియందు బూడిదక్రింది నిప్పువలె మిగిలియుండెను. అందువలననే కమాను చేతికి వచ్చిననాడు ఎవరును నేర్పకయే మనవారు దానిని గుర్తింపగలిగిరి.

ఆ గుర్తింపు ఎట్టిదో కొంచెము వివరించెదను. ఏలయన ఇదియే ఈ వ్యాసమునకు ప్రాణము. గుట్టలోని ముక్కను తీసి కమ్మరి మొదట దాగలిపై తట్టి నాదము వినును. పిమ్మట సానరాతికి ఆనించి రవ్వలు చూచును. మెత్తని ఇనుపు రవ్వలు నిడుపుగా, గీతలవలె పోవును. కర్బనము హెచ్చినకొలది రవ్వ చివర పువ్వువలె చీలి పేలును. తరువాత చిన్నముక్కను కాచి, నీట ముంచి, విరిచి, విరుపులోని కణమును చూచును. బ్రేకు డ్రమ్ము పోతయినుము; దానిలో కర్బనము రెండు పాళ్లకు మించును గనుక సమ్మెట దెబ్బకు సాగక పగులును. అందుచే దానిని కాచి కొట్టక, పొయ్యికో, దిమ్మకో, గంటకో వదలుదురు. ఇరుసు కడ్డీ గడ్డపారకును, ఉలికిని తగును. బేరింగుగిన్నెలో కర్బనము నూటికి ఒకపాలు, క్రోమియము సుమారు ఒకటిన్నరపాలు. అది మిక్కిలి కఠినము, కావున అనుభవజ్ఞుడే దానిజోలికి పోవును.

కాచుటయందును ఇట్టి సూక్ష్మములే. ఉక్కు తగినంత వేడెక్కెనో లేదో రంగుచే తెలియును. పండిన రేగుపండు ఎఱుపు దాటినపుడు అయస్కాంతము దానిని పట్టదు. సుమారు 770 డిగ్రీలకడ ఆ గుణము పోవునని నేటిశాస్త్రము చెప్పుచున్నది. మరికొంచెము కాచి నూనెలో ముంచుదురు. కమాను ఉక్కును చన్నీట ముంచినచో పగుళ్లువారు ప్రమాదము కలదు. ముంచినదానిని తోమి, మరల సన్నని సెగపై చూపినపుడు ఉపరితలమున గడ్డిపసుపు, గోధుమ, ఊదా, నీలము అను రంగులు వరుసగా నడచును. గడ్డిపసుపు సుమారు 230 డిగ్రీలు. నీలము సుమారు 300. ఏ పనిముట్టునకు ఏ రంగుకడ నిలుపవలెనో అదియే గుట్టు. వరాహమిహిరుడు బృహత్సంహితయందలి ఖడ్గలక్షణాధ్యాయమున ఆయుధములకు పానము పెట్టుటకు అరటిబూడిద కలిపిన మజ్జిగ మొదలగు ద్రవములను చెప్పియున్నాడు. ఆఱవ శతాబ్దమునాటి ఆ చింతయు, గంగవరపు కొలిమియందు లారీ ఇంజను వాడి విడిచిన నూనెలో కొడవలిని ముంచు నేటి చింతయు ఒకటియే. ద్రవము మారెను, ప్రశ్న మారలేదు.

మనవారు మాత్రమే ఇట్లు చేయుచున్నారని గర్వింపనక్కఱలేదు. నేపాళమున కామీలను లోహకారులు ఖుకురీ కత్తులను లారీ కమానులతోనే చేయుదురు. కెన్యాదేశమున టైర్ల చెప్పులు తరతరములుగా వాడుకలోనున్నవి. మన భారతీయులు అనేకులు వలసపోయి స్థిరపడిన ట్రినిడాడు దీవియందు ఉక్కుపీపాల వాద్యబృందములు ప్రసిద్ధములు. ఆ బృందములలో పాత మోటారు బ్రేకు డ్రమ్మును ఇనుపకడ్డీలతో కొట్టి తాళము నిలుపుదురు. దానిని వారు ఐరన్ అనియే పిలుతురు. ఆ తాళవాద్యముల పంక్తికి ఇంజనుగది అని పేరు! మన పల్లెబడి గంటయు, వారి ఉత్సవతాళమును సోదరులని చెప్పవచ్చును. ఇంతకంటె దగ్గరగా, తమిళదేశపు తిరువారూరునందలి మహారథమునకు తిరుచిరాపల్లి భారత్ హెవీ ఎలక్ట్రికల్సువారు ద్రవపీడనపు బ్రేకులను అమర్చిరి. మోటారునకు వాడుక పడిన ఉపాయము దేవుని తేరుక్రిందికి చేరినది. ఒకప్పుడు రథము మోటారునకు చక్రమిచ్చెను. నేడు మోటారు రథమునకు బ్రేకునిచ్చి ఋణము తీర్చుకొన్నది.

పాతభాగములన్నియు మిత్రములుకావని మన యువకులకు హెచ్చరిక చేయుట పెద్దల విధి. గాలియు నూనెయు బంధింపబడిన షాకబ్సార్బరును కోయక, రంధ్రము చేయక నిప్పులో పెట్టినచో అది పేలి ప్రాణము తీయగలదు. జస్తుపూత గల భాగమును కాచినపుడు లేచు తెల్లనిపొగ జ్వరము తెచ్చును. పాత బ్రేకులైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు శత్రువు. బ్యాటరీ పగులగొట్టి సీసము కరగించుట మహాపాపముతో సమానము. ఆ సీసము కొలిమిచెంత ఆడుకొను పసిబిడ్డల మెదడును చెఱచును. వాడిన ఇంజను నూనెను చేతులకు పూసికొనుట, దాని పొగ పీల్చుట తగదు. ఏ ముక్క ఏదియో ఎరుగుట లాభమునకు మాత్రమేకాక రక్షణకును అవసరము.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. ఈ విద్యకు నేడు మూడువైపులనుండి క్షయము కలుగుచున్నది. మొదటిది సరుకు. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వము పాతవాహనముల తొలగింపు విధానమును ఆరంభించెను. కాలము తీరిన వాహనములను నమోదైన కేంద్రములలో విడదీయవలెను. 2025 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన నియమములు తయారీదారులకే ఆ బాధ్యతలో భాగమొసగినవి. గాలికిని, నేలకును ఇది మేలేయగును. అట్టి మేలును మనము అడ్డుకొనరాదు. కాని ఆ ఉక్కు పెద్దకొలుములకు నేరుగ పోవును, పల్లెకొలిమి వాకిట ఆగదు. అంతేకాక క్రొత్తబస్సులు పెక్కింటికి కమాను స్థానమున గాలిసంచులు వచ్చినవి. లారీలకును తక్కువ పట్టీలుగల కమానులు వచ్చుచున్నవి. రెండవది గిరాకి. యంత్రశాలలో అచ్చుగ్రుద్దిన కొడవలి సంతలో చవుకగా దొరకును. కోతకు యంత్రము వచ్చినచోట కొడవలియే అక్కఱలేదు. మూడవది అన్నింటికంటె బాధాకరము. వృద్ధకమ్మరి కుమారుడు బెంగుళూరుకో, తిరుపతికో ఉద్యోగమునకు పోయినాడు. పోవుట తప్పుకాదు, మన బిడ్డలు చదువుకొని పైకివచ్చుటకొఱకే ఇట్టి మహాసభలు జరుపుకొనుచున్నాము. అయినను తండ్రి చెవిలోని నాదము, కంటిలోని రంగు, ఎవరును వ్రాసికొనకమున్నే అతనితో కూడ కాష్ఠమునకు పోవుచున్నవి.

మన వంశచరిత్రలను శాసనములలో వెదకుటయందు మనకెంతయో ఆసక్తి. అది యుక్తమే. కాని శాసనమును చెక్కించినవాని పేరు రాతిపైనుండును. ఆ ఉలికి పదునుపెట్టినవాని పేరు ఎచ్చటనుండును? కొడవలిపై పేరుండదు. అది అరిగి, మరల కొలిమికి వచ్చి, చిన్నకత్తియై, తుదకు మేకై మాయమగును. మన వృత్తిచరిత్ర వ్రాయబడక పోవుటకు శత్రువులు కారణముకారు. మనము చేసినది నిత్యము వాడబడి అరిగిపోవునట్టిదగుటయే కారణము. కావున దానికి వ్రాతయొక్కటియే రక్ష.

మిలిందపన్హమను బౌద్ధగ్రంథమున నాగసేనుడను భిక్షువు యవనరాజగు మిలిందుని రథమును చూపి, ఇరుసు రథమా, చక్రము రథమా, నొగ రథమా అని ఒక్కొక్క భాగమునే ప్రశ్నించును. ఏ ఒక్కటియు రథముకాదనియు, కూర్పునకే రథమని పేరనియు రాజు అంగీకరించును. వేదాంతులు దానినుండి ఆత్మానాత్మవిచారము చేయుదురు. మన కొలిమివారు ఆ విచారమును వెనుకనుండి చేసిరి. కూర్పు విడిపోయి పేరు పోయినపిదప ఇరుసునకు ఏమి గతి, చక్రమునకు ఏమి గతి అని వారు విచారించి, ప్రతిదానికిని క్రొత్తపేరు పెట్టి పనిలోనికి పంపిరి. అట్టి విచారము చేసినవారికే పేరు లేకుండుట న్యాయముకాదు.

కావున ఈ మహాసభకును, పోషకమహాశయులకును నా ప్రార్థన యిది. గంగవరము, పలమనేరు, పుంగనూరు, కుప్పము, మదనపల్లె ప్రాంతములయందు ఇంకను వెలుగుచున్న కొలుములన్నింటికిని మన విద్యార్థులు ఒక్క వేసవిసెలవులలో పోయి రావలయును. ప్రతి వృద్ధుని అడిగి, ఏ మోటారుభాగమునుండి ఏ పనిముట్టు చేసెనో, దేనిని చూచి గుర్తించెనో, ఏ రంగుకడ నిలిపెనో, ప్రతి పనిముట్టునకును ప్రతి భాగమునకును తన వాడుకలోని తెలుగుమాట యేదో వ్రాసికొనవలయును. చేతిఫోనులతో ఆ నాదమును, ఆ రవ్వలను చిత్రముగా పట్టవలయును. సగము కమానుగను, సగము కొడవలిగను నిలిపిన ముక్కలను చేయించి, పేర్లతో మన సంఘభవనమున ఒక బీరువాలోనుంచవలయును. కొయ్యచక్రమునకు కట్టు తొడుగుట ఎరిగినవారు జీవించియున్న ఊరిలో, వారి చేత మరియొకసారి దానిని చేయించి పిల్లలకు చూపవలయును. 2023 సెప్టెంబరు 17వ తేదీన ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము పదునెనిమిది వృత్తులను గుర్తించినది. కమ్మరమును, వడ్రంగమును వానిలోనున్నవి. ఆ పథకమున శిక్షణమును, పనిముట్ల సహాయమును, తక్కువవడ్డీ ఋణమును పొందుటకు దరఖాస్తు వ్రాయలేని వృద్ధులకు మన చదువుకొన్న యువకులు తోడుపడుట మరియొక కర్తవ్యము.

ఇందులకు ద్రవ్యము అధికముగా అక్కఱలేదు. కొన్ని నోటుపుస్తకములు, కొన్ని బస్సుచార్జీలు, పెద్దలయెదుట కూర్చుండి వినుటకు కొంత ఓర్మి చాలును. ఈ వ్యాసమును చదివినవారు ఇంటికి పోయి, వంటయింటి కత్తిపీటను ఒక్కమారు త్రిప్పి చూచెదరుగాక. దాని పట్టీకొనయందు బిగింపు మేకునకై వేసిన పాత రంధ్రము ఒక్కొక్కప్పుడు ఇంకను కానవచ్చును. అది ఏ లారీదో తెలియదు. దానిని మలచిన చేయి ఎవరిదో ఆ యింటి పెద్దమ్మనడిగినచో ఇప్పటికి తెలియవచ్చును. ఆ పేరును వ్రాసికొని మన కార్యాలయమునకు పంపవలసినదిగా ప్రార్థించుచున్నాను.